అయిదున్నర రోజుల ఆరంభశూరత్వం: ఫోన్లతో ఏళ్ల తరబడి ఆరోగ్య స్టడీలు నడపడం ఎందుకంత కష్టం

2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న స్టడీ వచ్చింది. ఏళ్లుగా నొప్పులతో బాధపడుతున్న 80 మందిని తీసుకుని, సగం మందికి కాగితం డైరీలు, మిగతా సగానికి చేతిలో పట్టే ఎలక్ట్రానిక్ డైరీలు ఇచ్చారు. మూడు వారాల పాటు, రోజుకు మూడుసార్లు, చెప్పిన వేళకే నొప్పి ఎంతుందో రాయాలి. కాగితం డైరీ వాళ్లకు చెప్పని సంగతి ఒకటుంది: అట్టలో వెలుతురును పసిగట్టే సెన్సర్ దాచారు, డైరీ తెరిస్తే టైమ్ నమోదైపోతుంది. చివర్లో చూస్తే, వాళ్లు తిరిగిచ్చిన కాగితాల ప్రకారం 90 శాతం ఎంట్రీలు వేళకు రాసినవే. సెన్సర్ లెక్కలో మాత్రం 11 శాతం. మొత్తం రోజుల్లో 32 శాతం రోజులు డైరీని అసలు తెరవనే లేదు, అయినా ఆ రోజుల కాలమ్‌లు కూడా దాదాపు నిండుగానే ఉన్నాయి. వేళ దాటితే ఎంట్రీ తీసుకోని ఎలక్ట్రానిక్ డైరీల్లో నిజంగా వేళకు రాసినవి 94 శాతం.

వాళ్లు మోసగాళ్లేం కాదు. బీపీ పుస్తకం ఉన్న ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు పొద్దున, లేదంటే ఓపీ క్యూలో కూర్చుని, నెల రోజుల రీడింగులు ఒకే పెన్నుతో, అన్నీ సున్నాతోనో ఐదుతోనో ముగిసేలా రాసేస్తాం. అవి కాకిలెక్కలని మనకూ తెలుసు, డాక్టర్‌కూ తెలుసు, అందుకే ఆయన మళ్లీ బీపీ చూస్తాడు. ఒక్క మనిషి విషయంలో అలా సర్దుకోవచ్చు. వేల మంది కాకిలెక్కల్ని కలిపి పదేళ్ల స్టడీ చేస్తే సర్దుకోవడానికి మళ్లీ చూసే బీపీ ఉండదు.

అసలు రోజువారీ జీవితంలోకి ఎందుకు దూరాలి, హాస్పిటల్‌కి పిలిచి పరీక్షలు చేస్తే చాలదా? చాలావరకు అలాగే నడిచింది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 1948లో 5,209 మందితో మొదలైన గుండె అధ్యయనం రెండేళ్లకోసారి వాళ్లను పిలిచి పరీక్షించింది. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ కలిస్తే గుండెకు ముప్పు అని ఇవాళ మనం ఇంత మామూలుగా అనుకుంటున్నామంటే అందులో ఆ ఊరి వాటా చాలా ఉంది. కానీ రెండు పరీక్షల మధ్య ఏడొందల చిల్లర రోజులుంటాయి. ఆ రోజుల్లో ఎంత నడిచారు, ఎలా నిద్రపోయారు, గుండె ఎప్పుడు దడదడలాడింది, మనసు ఎప్పుడు బాగాలేదు అంటే మనిషి జ్ఞాపకమే దిక్కు. జ్ఞాపకం ఎలాంటిదో పై డైరీలే చెప్పాయి.

ఇక్కడికే ఫోన్లు, వాచీలు వచ్చాయి. ఇవి చేసే పని స్థూలంగా రెండు రకాలు. ఒకటి అడగడం: రోజులో కొన్నిసార్లు ఫోన్ మోగి "ఇప్పుడు నొప్పి ఎంత, మూడ్ ఎలా ఉంది" అని రెండు మూడు ప్రశ్నలు వేస్తుంది. గత నెల గురించి అడగదు, ఈ క్షణం గురించే అడుగుతుంది. ఈ పద్ధతి స్మార్ట్‌ఫోన్ కంటే పాతది, పేజర్ల కాలంలోనే షికాగోలో పరిశోధకులు టీనేజ్ పిల్లలకు పేజర్లిచ్చి, మోగినప్పుడల్లా ఏం చేస్తున్నారో రాయించారు. రెండోది అడక్కుండా గమనించడం: అడుగులు, గుండె వేగం, నిద్ర, జీపీఎస్, స్క్రీన్ ఎప్పుడు వెలిగింది, ఎప్పుడు ఆరింది. 2015లో యాపిల్ రీసెర్చ్‌కిట్ అని ఒక సాఫ్ట్‌వేర్ ముక్కల పెట్టె విడుదల చేశాక యాప్‌లోనే అంగీకారం తీసుకుని స్టడీ మొదలుపెట్టేయడం సులువైంది. హార్వర్డ్‌లో తయారైన బీవీ, లండన్ కింగ్స్ కాలేజీ వాళ్ల చేయి ఎక్కువగా ఉన్న రాడార్-బేస్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఓపెన్ సోర్స్, ఏ యూనివర్సిటీ అయినా తీసుకుని తన సర్వర్లో నడుపుకోవచ్చు. నెట్ లేని చోట ఫీల్డ్ స్టాఫ్ ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగి, సిగ్నల్ దొరికాక సింక్ చేసుకునే ఓడీకే లాంటి పనిముట్లు వేరే ఉన్నాయి, మన దగ్గర వీటితో చాలా పని జరుగుతుంది.

అంటే పనిముట్లకు కొరత లేదు. ఇబ్బంది మొదలయ్యేది ఆ తర్వాతే.

2020లో ఒక పరిశోధన బృందం అమెరికాలో జరిగిన ఎనిమిది ఫోన్ ఆధారిత స్టడీల డేటా ఒకచోట పోసి చూసింది, మొత్తం 1,09,914 మంది. అందులో సగం మంది అయిదున్నర రోజుల్లోపే ఆపేశారు. సంవత్సరాల మాట దేవుడెరుగు, వారం కూడా నిండలేదు. యాప్ డౌన్‌లోడ్ చేసుకోవడానికి ఒక్క నిమిషం చాలు కదా, వదిలేయడానికి అది కూడా అక్కర్లేదు. ఎవరు నిలబడ్డారో కూడా వాళ్లు లెక్కేశారు, నాకు అసలు విషయం అక్కడే కనిపిస్తుంది. డబ్బులిచ్చిన చోట జనం సుమారు 22 రోజులు ఎక్కువ ఉన్నారు. ఆ జబ్బు తమకే ఉన్నవాళ్లు లేనివాళ్ల కంటే ఏడు రోజులు ఎక్కువ ఉన్నారు. తమను చూసే డాక్టరో, ఆరోగ్య సిబ్బందో పంపగా చేరినవాళ్లు 40 రోజులు ఎక్కువ ఉన్నారు. నోటిఫికేషన్ డిజైన్ల మీద, బ్యాడ్జిల మీద, రంగుల మీద ఎంత బుర్ర పెట్టినా, "ఫలానా డాక్టరు చెప్పారు" అన్న మాటకున్న బలం ముందు అవి ఆనేలా లేవు.

సంఖ్య పెద్దదైతే ఈ బాధ ఉండదనుకుంటే అదీ కాదు. స్టాన్‌ఫర్డ్ నడిపిన యాపిల్ హార్ట్ స్టడీలో 2017 నవంబర్ నుంచి కొన్ని నెలల్లోనే 4,19,297 మంది చేరారు, హాస్పిటల్ గడప తొక్కకుండా. వాచీ నాడి సరిగ్గా కొట్టుకోవడం లేదని గుర్తిస్తే హెచ్చరిక పంపుతుంది, అప్పుడు ఇంటికి ఈసీజీ ప్యాచ్ వస్తుంది, దాన్ని ఛాతీకి అంటించుకుని వారం వరకు ఉంచుకుని తిరిగి పోస్టు చేయాలి. హెచ్చరిక వచ్చింది 2,161 మందికి. విశ్లేషణకు పనికొచ్చేలా ప్యాచ్ తిరిగొచ్చింది 450 మంది దగ్గర్నుంచే. నీ గుండె లయ తప్పిందేమో అని చెప్పినా ఇదీ పరిస్థితి. ఆ 450లో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే సమస్య) కనిపించింది. మిగతా 66 శాతానికి వాచీ తప్పు చెప్పిందని తేల్చేయడానికి లేదు, ఈ లయ తప్పడం వచ్చి పోతూ ఉంటుంది, ప్యాచ్ పెట్టుకున్న వారంలో రాకపోయి ఉండొచ్చు. ప్యాచ్ ఒంటిమీద ఉండగానే వాచీ మళ్లీ హెచ్చరించిన సందర్భాలు తీసుకుంటే 84 శాతం సార్లు అది నిజమే. వాచీ తన పని బాగానే చేసింది, మధ్యలో జారిపోయింది మనుషులు. పైగా చేరినవాళ్లలో సగానికి పైగా 40 ఏళ్ల లోపు వాళ్లు, ఈ సమస్య ఎక్కువగా వచ్చేది పెద్దవాళ్లకు.

దీనికి పూర్తి ఎదురుగా, బ్రిటన్‌లో లక్షల మంది ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనిస్తున్న యూకే బయోబ్యాంక్ ఒక పని చేసింది. 2013 నుంచి 2015 మధ్య లక్ష మందికి పైగా మణికట్టు పట్టీలు పోస్టులో పంపి, ఏడు రోజులు పెట్టుకుని తిరిగి పంపమంది. ఆ పట్టీకి స్క్రీన్ లేదు, అడుగుల లెక్క చూపదు, శభాష్ అనదు. కావాలనే అలా. వాచీ మీద "ఇవాళ 6,200 అడుగులు" అని కనిపించగానే మనిషి ఇంకో రౌండు వేసొస్తాడు, అది ఆరోగ్యానికి మంచిదే కానీ అతను మామూలుగా ఎంత నడుస్తాడో తెలుసుకోవాలన్న పరిశోధకుడికి మాత్రం కొలత చెడిపోయినట్టే. ఏడంటే ఏడు రోజుల ఆ డేటాతోనే, 2023లో కార్డిఫ్ పరిశోధకులు పార్కిన్సన్స్ జబ్బు డాక్టర్లు గుర్తించడానికి ఏడేళ్ల ముందే కదలికల వేగంలో తేడా కనిపిస్తోందని చూపించారు. అది కుదిరింది, పట్టీ గొప్పదైనందుకు మాత్రమే కాదు, ఆ మనుషుల ఆరోగ్య రికార్డులతో బయోబ్యాంక్‌కు తెగని లింకు ఉన్నందుకు. ఏడేళ్లూ వాళ్లను పట్టీ పెట్టుకోమని సతాయించలేదు, ఏడేళ్లూ వాళ్ల జాడ మాత్రం వదల్లేదు.

ఇప్పుడు ఫైల్ తెరిచి చూద్దాం, ఎందుకంటే ఈ రంగంలో సగం తిప్పలు అక్కడే ఉంటాయి. ఇబ్రహీంపట్నం వైపు ఒక ఊళ్లో 52 ఏళ్లావిడ స్టడీలో ఉన్నారనుకుందాం. సోమవారం రోజు వరుసల్లో రాత్రి 12:30కి 2,100 అడుగులు. అర్ధరాత్రి నడకేంటి? ఏమీ లేదు, సర్వర్ గ్రీనిచ్ కాలమానంలో రాసుకుంటుంది, మనకు అయిదున్నర గంటలు కలిపితే అది పొద్దున ఆరింటి వాకింగ్. దీన్ని సరిచేయడం మర్చిపోతే ఆవిడ నిద్రలేమి రోగి అయిపోతారు. మంగళవారం పది నుంచి నాలుగింటి దాకా అన్నీ సున్నాలు. కూర్చునే ఉన్నారా, వాచీ తీసి అలమర మీద పెట్టారా? గుండె వేగం కూడా లేకపోతే తీసేశారని అర్థం, ఉంటే నిజంగానే కదల్లేదని. బుధవారం సున్నాలు కూడా లేవు, ఖాళీ. ఇది ఇంకో కథ: బ్యాటరీ ఆదా చేస్తున్నానంటూ ఫోనే వెనక నడుస్తున్న యాప్‌ని చంపేసి ఉండొచ్చు, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది రోజూ చూసేదే. డేటా బ్యాలెన్స్ అయిపోయి ఉండొచ్చు. మనవడు ఆ ఫోన్లో గేమ్ కోసం జాగా చాలక యాప్ తీసేసి ఉండొచ్చు.

లేదా ఆవిడకు బాగాలేక ఫోన్ ముట్టుకోలేదేమో. ఈ చివరి అవకాశమే అన్నిటికంటే ముఖ్యం. డిప్రెషన్ మీద స్టడీ చేస్తున్నప్పుడు, మనసు బాగా కుంగిన రోజునే మనిషి ప్రశ్నలకు జవాబు ఇవ్వడు. ఆస్తమా స్టడీలో ఊపిరాడని రాత్రి ఎవరూ యాప్ తెరవరు. అంటే ఖాళీలు చెదురుమదురుగా రావు, సరిగ్గా మనకు కావలసిన రోజుల్లోనే వస్తాయి. ఆ ఖాళీలను పక్కన పెట్టి మిగిలిన రోజుల సగటు తీస్తే అందరూ ఉన్నదానికంటే ఆరోగ్యంగా కనిపిస్తారు. అందుకే మంచి పనిముట్టు కొలతలతో పాటు తన గురించి కూడా రాసుకుంటుంది: బ్యాటరీ ఎంతుంది, చివరిసారి సింక్ ఎప్పుడైంది, ప్రశ్న స్క్రీన్ మీద కనిపించిందా, కనిపించినా జవాబు రాలేదా. జీపీఎస్ లాంటివి బ్యాటరీ తినేస్తాయని బీవీ లాంటి యాప్‌లు దాన్ని కాసేపు ఆన్ చేసి, మరికాసేపు ఆపుతాయి. అలా కావాలని వదిలిన ఖాళీ వేరు, ఫోన్ చచ్చిపోవడం వల్ల వచ్చిన ఖాళీ వేరు, రెండూ ఫైల్లో ఒకేలా కనిపిస్తే ఆ పనిముట్టును నేనైతే నమ్మను.

ఇదంతా ఒక వారం గురించి. పదేళ్లయితే ఇంకో చిక్కు. 2021లో హార్వర్డ్ పరిశోధకుడు జేపీ ఒన్నెలా ఒక సంగతి బయటపెట్టాడు: ఒకే మనిషి, ఒకే యాపిల్ వాచీ, ఒకే కాలానికి సంబంధించిన గుండె వేగపు హెచ్చుతగ్గుల డేటా, రెండు వేర్వేరు తేదీల్లో డౌన్‌లోడ్ చేస్తే రెండు రకాలుగా వచ్చింది. గతం మారిపోయింది. కంపెనీ మధ్యలో లెక్కగట్టే పద్ధతిని మార్చి ఉంటుందని ఆయన అనుమానం. మామూలు వాడకందారుకు ఇది పట్టింపే కాదు, కొత్త లెక్క బహుశా పాతదానికంటే మెరుగే. కానీ ఐదో ఏడు జనం నిద్ర తగ్గిందా, వాచీ అల్గారిదమ్ మారిందా అన్నది తేల్చలేని స్టడీ దేనికి పనికొస్తుంది? అందుకే తెలిసినవాళ్లు కంపెనీ వండి వడ్డించిన "నిద్ర స్కోరు" కంటే సెన్సర్ నుంచి వచ్చిన ముడి సంఖ్యలే కావాలంటారు, అవి ఎంత బరువైనా సరే. యూకే బయోబ్యాంక్ పట్టీ సెకనుకు వంద కొలతలు రాసింది, ఆ ముడి ఫైళ్లున్నాయి కాబట్టే కొత్త పద్ధతి వచ్చినప్పుడల్లా అందరి డేటానీ ఒకే గాటన కట్టి మళ్లీ లెక్కేసుకోగలుగుతున్నారు. ఇక కంపెనీలు సేవలనే మూసేయడం సరేసరి. గూగుల్ ఫిట్ నుంచి డేటా తీసుకునే దారిని ఆపేస్తున్నామని 2024లో గూగుల్ ప్రకటించింది. దాని మీద కట్టుకున్నవాళ్లందరూ వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

మన దగ్గరి సంగతికి వస్తే, ఏళ్ల తరబడి మనుషుల వెంట నడవడం మనకు కొత్తేం కాదు. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక పోషకాహార ప్రయోగం జరిగింది. పదిహేను ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్ల లోపు పిల్లలకు మొక్కజొన్న-సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు, పద్నాలుగు ఊళ్లలో ఆ పథకం అప్పటికింకా రాలేదు. పదిహేనేళ్ల తర్వాత జాతీయ పోషకాహార సంస్థ, లండన్ పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లి, పెరిగి పెద్దవాళ్లవుతున్న ఆ పిల్లల్ని వెతికి పట్టుకున్నారు. 2008లో వచ్చిన ఫలితాల్లో, ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్లవాళ్ల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు, ఇన్సులిన్ పనితీరు కూడా వాళ్లలో మెరుగ్గా ఉంది. తర్వాత తల్లిదండ్రులు, తోబుట్టువులను కూడా కలుపుకుని అదే ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ అయింది (ఆ ఊళ్లు ఇప్పుడు తెలంగాణలో ఉన్నాయి, పేరు మాత్రం అలాగే ఉంది). ఫోన్లు లేని కాలపు పిల్లలు పదిహేనేళ్లకు ఎలా దొరికారంటే, ఊళ్లోకి వెళ్లి ఫలానా వాళ్ల అబ్బాయి ఎక్కడ అని అడిగితే చెప్పేవాళ్లున్నారు కాబట్టి.

ఆ ఊళ్లలోనే తర్వాత బార్సిలోనాలోని ఒక పరిశోధన సంస్థ నడిపిన చాయ్ అనే ప్రాజెక్టు గాలి కాలుష్యాన్ని చూసింది. ఊళ్లో ఇంటి దగ్గర గాలి ఎలా ఉందో ఒక ఎత్తు, మనిషి నిజంగా ఏం పీలుస్తున్నాడో ఇంకో ఎత్తు, అందుకని కొందరికి ఒంటిమీద పెట్టుకునే ధూళి కొలిచే పరికరం, జీపీఎస్, చిన్న కెమెరా ఇచ్చారు. ధూళి పెరిగిన నిమిషానికి కెమెరాలో పొయ్యి కనిపిస్తుందా, రోడ్డా, పక్కన సిగరెట్ కాల్చే మనిషా అన్నది చూడొచ్చు. జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా జీవితాన్ని కొలవడమంటే ఇదే. అయితే కెమెరా అంటే ఇంట్లో మిగతావాళ్లు, దారిన పోయేవాళ్లు కూడా ఫొటోల్లో పడతారు. మరి వాళ్లెవరూ అంగీకార పత్రం మీద సంతకం పెట్టలేదు.

అమెరికాలో గీసిన యాప్ డిజైన్ ఇక్కడ బోల్తా పడేది చాలా చిన్న చిన్న చోట్ల. ఒక మనిషికి ఒక ఫోన్ అని అది అనుకుంటుంది. ఇక్కడ చాలా ఇళ్లలో అమ్మ నంబరు అని ఇచ్చేది కొడుకు జేబులో ఉన్న ఫోన్‌ది. ఆఫర్ బాగుందని సిమ్ మారుస్తారు. మూడు నెలలు వాడని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ వెనక్కి తీసుకుని కొన్నాళ్లకు ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. "గత రెండు వారాల్లో బతకాలని లేదనిపించిందా?" అన్న ప్రశ్న ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి స్క్రీన్ మీద వెలిగితే? ఆ ప్రశ్నకు మన పార్టిసిపెంటే రాత్రి పదకొండింటికి "అవును" అని నొక్కితే, అది సర్వర్లో పడుకుని సోమవారం ఉదయం డేటా మేనేజర్ వచ్చేదాకా ఎదురుచూస్తే? ప్రశ్నను యాప్‌లో పెట్టేముందే ఆ అవునుకు ఎవరి ఫోన్ మోగుతుందో రాసి పెట్టుకోవాలి. అది రాయలేకపోతే ఆ ప్రశ్న అడగకూడదు, నా ఉద్దేశంలో ఇందులో రెండో మాటకు తావులేదు.

ఆశా కార్యకర్త ద్వారా వెళ్తే ఇందులో సగం సర్దుకుంటాయి, ఆమెకు ఎవరి ఫోన్ ఎవరి దగ్గరుంటుందో తెలుసు, ఆ 40 రోజుల లెక్కలోని "చెప్పినవాళ్లు" మన పల్లెల్లో ఆమే. కానీ ఇప్పటికే ఆమె చేతిలో ప్రభుత్వ యాప్‌లు బోలెడు. ఇంకో యాప్ ఇచ్చి, వాలంటీర్ పని కదా అని చేతులు దులుపుకుంటే ఆమె కూడా ఓపీ క్యూలో బీపీ పుస్తకం నింపినట్టే నింపుతుంది, తప్పు ఆమెది కాదు. స్టడీ బడ్జెట్లో సర్వర్ ఖర్చుకు ఒక లైను ఉన్నట్టే ఆమె గంటలకూ ఒక లైను ఉండాలి.

గోప్యత గురించి అందరూ ఒకటే పాట పాడతారు: పేర్లు తీసేశాం, భయం లేదు. 2013లో వచ్చిన ఒక అధ్యయనం పదిహేను లక్షల మంది ఫోన్ల కదలికలు చూసి, ఏ మనిషైనా ఏ గంటలో ఎక్కడున్నాడో నాలుగు చోట్ల తెలిస్తే చాలు, 95 శాతం మందిని మిగతా అందరి నుంచి వేరు చేసి పట్టేయొచ్చని తేల్చింది. అన్ని లక్షల మందిలోనే అలా అయితే మూడొందల గడపల ఊళ్లో నాలుగు చోట్లు కూడా అక్కర్లేదు, రోజూ రాత్రి ఫోన్ ఏ ఇంట్లో ఉంటుందో తెలిస్తే అయిపోయింది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంగీకారం ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలంటుంది, అదే చట్టం పరిశోధనకు మినహాయింపు కూడా ఇస్తుంది, నిర్ణీత ప్రమాణాలు పాటించాలి, ఆ డేటాతో ఫలానా వ్యక్తి మీద నిర్ణయాలు తీసుకోకూడదు అన్న షరతులతో. కాబట్టి స్టడీ వాళ్లు "చట్ట ప్రకారమే చేస్తున్నాం" అంటే అది నిజమే కావచ్చు, మీ జీపీఎస్ డేటా ఎన్నాళ్లు, ఎంత వివరంగా దాస్తారన్నది మాత్రం మీరు విడిగా అడగాల్సిందే.

రేపు మిమ్మల్నో మీ ఇంట్లో పెద్దవాళ్లనో ఇలాంటి స్టడీలో చేరమంటే ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. వాచీ మీద అంకెలు కనిపిస్తాయా, కనిపించవా? ఫోన్ మార్చినా, నంబరు మారినా ఎవరికి చెప్పాలి? మధ్యలో మానేస్తే అప్పటిదాకా ఇచ్చిన డేటా ఏమవుతుంది? రీడింగ్ ఏదైనా తేడాగా వస్తే మాకు చెప్తారా, చెప్తే ఎన్ని గంటల్లో? యాప్ పనిచేయకపోతే ఫోన్ ఎత్తే మనిషి ఉన్నారా, తెలుగు వచ్చా? ఇవేవీ పెద్ద ప్రశ్నలు కావు, మంచి స్టడీలో చేర్చుకోవడానికి వచ్చినవాళ్ల దగ్గర జవాబులు రెడీగా ఉంటాయి. వాళ్లు నీళ్లు నమిలితే మాత్రం, వాచీ ఫ్రీ అన్నా సరే, "అంగీకరిస్తున్నాను" అన్న బటన్ ఆ రోజుకు నొక్కకండి.